ఆదివారం చీరలు

2023 జులై 8, శనివారం

లోపలి పేజీలో చిన్న వార్త. మొన్న తెలంగాణ హైకోర్టు ఒక పాత చట్టాన్ని కొట్టేసింది. నిజాం కాలం నాటిది, 1329 ఫస్లీ. మన లెక్కలో 1919. హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించడం, ఆ రిజిస్టర్లో ఉన్నవాళ్లు ఆడబట్టల్లోనో నగలతోనో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకెళ్లడం. ఇన్నేళ్లూ ఆ కాగితం బతికే ఉందన్నమాట.

కత్తిరించి దాచాను.

ఆ చట్టం మా జిల్లాది కాదు. నాలాంటి వాడి కోసం రాసిందీ కాదు. నేను మగవాణ్ణి, మగవాడిగానే బతకాలనుంది. భార్యా బిడ్డా ఉన్నారు. మిల్లులో లెక్కలు రాస్తాను. నాకు చీర కట్టుకోవడం ఇష్టం. అదీ పాత కాలం చీర.

స్టేషన్లో రేపల్లె బండి దగ్గర రోజూ కనిపించే హిజ్రా ఒకావిడ ఉంది. ఎర్ర సింథటిక్ చీర, చెవి పక్కన మల్లెపూలు. ఎండలో, అందరి మధ్యా కట్టుకుని నిలబడుతుంది. నేను కిటికీలు మూసుకుని కట్టుకుంటాను. ఆ చట్టం సంగతి ఆవిడకి తెలుసో లేదో. అడగాలంటే ముందు మాట కలపాలి.

జులై 16, ఆదివారం

అమ్మ వాయిల్ చీర తీశాను. తెల్లది, ఆవగింజంత నీలం చుక్కలు. అమ్మ పోయాక పట్టుచీరలు అక్క తీసుకుంది. నూలువి ఎవరూ అడగలేదు. పాతగుడ్డలు కదా అంది అక్క. అక్క పుట్టక ముందు తీయించుకున్న ఫోటోలో అమ్మ కట్టుకున్నది ఇదే. అరవై ఏళ్లుంటాయి. వెలుతురుకేసి పట్టుకుంటే అవతల కిటికీ ఊచలు కనిపిస్తాయి. అంత సన్నటి నేత.

చిక్కల్లా పన్నాతో. నలభై నాలుగంగుళాలు. అమ్మకి సరిపోయేది. నేను ఐదడుగుల తొమ్మిది. కడితే చీలమండ పైనే ఆగిపోతుంది. అందుకని పైన, బొడ్లో దోపుకునే వైపు, నాన్న పాత పంచె చింపి నాలుగంగుళాల పట్టీ అతికాను. చేత్తో, సన్న కుట్టు. అతుకు లోపలికి పోతుంది, కనపడదు. అంచు ఇప్పుడు మడమ మీద ఆనుతోంది.

నాన్న పంచె, అమ్మ చీర. కుట్టేటప్పుడు తట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే...

జులై 30, ఆదివారం

బోసు రోడ్డు వెనక సందులో టైలరు సాయిబు గారు. డెబ్భై దాటాయి. ఇప్పటి మోడళ్లు కుట్టరు, అందుకే ఆయన దగ్గరికి వెళ్లాను. మోచేతి దాకా చేతులు, ముందు హుక్కులు, మెడ దగ్గరగా, నడుం దాకా నిడివి. టూ బై టూ రూబియా, నీలం. మా అక్కకి అని చెప్పి కొలతల చీటీ ఇచ్చాను.

చదివారు. భుజం పదిహేడు, ఛాతీ నలభై. కళ్లజోడు తీసి నన్ను చూశారు. మళ్లీ చీటీ చూశారు. టేపు అందుకున్నారు.

"చీటీ మీద కుడితే చంకలో పట్టేస్తుంది సార్. మీరే నిలబడండి."

ఇంకేమీ అనలేదు. భుజం నుంచి మోచేతి దాకా టేపు పెట్టి, చెయ్యి మడవమన్నారు. మడిచాక పెరిగే అర అంగుళం కూడా రాసుకున్నారు. బుట్ట చేతులు పెట్టమంటారా అన్నారు. ఎంత పెట్టమనాలనుందో! చిన్నప్పటి నుంచీ ఆ బుట్ట చేతులంటే ప్రాణం. కానీ భుజం మీద కుచ్చులొస్తే నా భుజాలు ఇంకా వెడల్పవుతాయి. నేను నసుగుతుంటే ఆయనకే అర్థమైంది. "పైన సాదా ఉంచుతా. కుచ్చులు కిందికి దించి మోచేతి పట్టీ దగ్గర పెడతా. లావు భుజాల వాళ్లకి మా నాన్న అలాగే కుట్టేవారు."

శుక్రవారం దాటాక రమ్మన్నారు. శుక్రవారం ఇంకా చాలా దూరం.

ఆగస్టు 13, ఆదివారం

దొండకాయలు తరిగాను. కొత్త జాకెట్టు, అమ్మ చీర, చేతికి హెచ్‌ఎంటీ సుజాత వాచీ. బుల్లి డయలు. దాని పట్టీ నా మణికట్టుకి చాలక వేరేది వేయించాను. డయలు లోపలివైపుకి తిప్పి పెట్టుకున్నాను. ఒకటో తరగతి టీచరుగారు అలాగే పెట్టుకునేవారు. నా చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దిస్తుంటే ఆ టిక్కుటిక్కు నా చెవి పక్కనే. గంజి వాసన, చాక్‌పీసు పొడి. నాకు టీచరుగారంటే ఇష్టమా, ఆ చీరంటే ఇష్టమా? ఇప్పటికీ విడదీయలేను.

నడక మారుతుంది. పెద్ద అడుగు వేస్తే కుచ్చెళ్లు ఒప్పుకోవు. మెట్లు రెండేసి ఎక్కలేను. వంగితే పైట జారుతుంది, తెచ్చి నడుంలో దోపాలి. పోపు వేసేటప్పుడు చెంగు పొయ్యి మీదకి పోకుండా ఎడమచెయ్యి దానంతట అదే వెళ్లి పట్టుకుంది. ఆ చేతికి ఎవరు నేర్పారు? అమ్మని చూసి చూసి వచ్చుంటుంది.

మా ఆవిడ పేపరు చదువుతూ, "ఉప్పు వేశారా?" అంది. చీర గురించి ఏమీ లేదు. ఉప్పు గురించే. ఎంత హాయిగా ఉందో.

పెళ్లైన కొత్తలో చెప్పినప్పుడు నాలుగు రోజులు మాట్లాడలేదు. తర్వాత రెండే షరతులు. పిల్లలు పుడితే వాళ్లకి తెలియకూడదు. పక్కింటికి తెలియకూడదు. ఇన్నేళ్లూ అలాగే నడిచింది.

మధ్యాహ్నం అంది, మీసం తీసేస్తే ఇంకా బావుంటారేమో అని. తీయను. ఇంకెవరిలాగానో కనపడాలని కట్టుకోవట్లేదు కదా.

ఆగస్టు 25, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. పేరంటాళ్లతో హాలు నిండింది. కుర్చీలు మోసి, శనగలు పొట్లాలు కట్టి, వరండాలో నిలబడ్డాను. ఒకావిడ ఉప్పాడ జాందానీ. పడుగు పోగుల మధ్య పువ్వు చేత్తో ఎక్కించినది, తిరగేసి చూసినా ముడి కనపడదు. ఆవిడ మాత్రం దాని గురించి పట్టించుకోకుండా గ్యాసు సిలిండరు ధర చెప్తోంది. ఒక్కసారి ఆ చెంగు వేళ్లతో పట్టుకుని చూడాలనిపించింది. ఆడవాళ్లైతే పట్టుకుని చూస్తారు, ఎక్కడ కొన్నారని అడుగుతారు. నేనడిగితే అది వేరేలా ఉంటుంది.

"అన్నయ్యగారూ, ఫ్యాను కాస్త పెంచండి" అందావిడ. పెంచాను. చెంగు ఎగిరింది. బావుంది.

సెప్టెంబరు 10, ఆదివారం

పాత పట్టుచీరలు, జరీ చీరలు కొంటామని మైకులో అరుస్తూ బండి మీద వచ్చాడొకడు. కింద, ఇల్లుగల మామ్మగారి అరుగు మీద మూట విప్పాడు. అప్పటికే చుట్టుపక్కల ఇళ్లలో చాలా పోగేశాడు. దిగి వెళ్లాను.

వంకాయ రంగు కంచిపట్టు. గంగాజమున అంచు, ఒకపక్క చిలకపచ్చ, ఒకపక్క కుంకుమ. మడతల దగ్గర చీలింది. అంచు మాత్రం చెక్కు చెదరలేదు. గోటితో గీకి చూపించాడు. పైన బంగారు పూత, దాని కింద తెల్లటి వెండి, లోపల ఎర్ర పట్టుదారం. అసలు జరీ.

ఏం చేస్తావు వీటిని అన్నాను. కాలుస్తామన్నాడు. బట్ట బూడిదవుతుంది, వెండి మిగులుతుంది.

తెలియక అడగలేదు. తెలుసు. అయినా వాడి నోట వింటే కాళ్లలో సత్తువ పోయింది. ఎవరి పెళ్లిచీరో. మగ్గం మీద అంచు రంగు వేరు, ఒంటి రంగు వేరు, పోగు పోగుకీ మెలేసి కలుపుతూ ఇద్దరు మనుషులు కూర్చుని నేసిన చీర. మా ఊళ్లలో ఆ కాలపు చీరలు ఇందుకే కనపడవు. పాతబడి పోలేదవి. తూకానికి పోయాయి.

నాలుగు వేల రెండొందలకి ఇచ్చాడు. "మేడం గారికా సార్?" అన్నాడు. ఆఁ అన్నాను.

చీలిన చోట వెనక పట్టు ముక్క పెట్టి కుట్టాలి. నీడలో గాలికి ఆరేసి, ఉతికిన తెల్ల పంచెలో చుట్టాను. కలరా ఉండలు వేయను, జరీ నల్లబడుతుంది. మడత ఎప్పుడూ ఒకే గీత మీద ఉండకూడదు. అప్పుడప్పుడు తీసి మార్చి మడవాలి.

మిగతా మూట వాడు కట్టుకుని వెళ్లిపోయాడు. అందులో ఒక ఆనందబ్లూ రంగు చీర కూడా ఉంది.

అక్టోబరు 1, ఆదివారం

టీవీలో మాయాబజార్. ఎప్పుడొచ్చినా వదలను. మాయా శశిరేఖ దగ్గరికొచ్చేసరికి చేతిలో పని ఆగిపోతుంది. పైన శశిరేఖ, లోపల ఘటోత్కచుడు. ఎస్వీ రంగారావు ఛాతీ, ఆయన అడుగు, ఆ చిన్న ఒంట్లోకి సావిత్రి ఎలా తెచ్చుకుందో. ఎవరూ చూడనప్పుడు ఒక నడక, ఎవరైనా చూస్తే మరో నడక. సుశీల గొంతులో నుంచి ఘంటసాల గొంతు. 1957లో జనం అది చూసి మురిసిపోయారు. ఇప్పటికీ మురిసిపోతారు.

ఆ రెండు నడకలూ నాకు తెలుసు. నావి తిరగేసినవి.

తర్వాత్తర్వాత సినిమాల్లో హీరో చీర కడితే హాలంతా పడీపడీ నవ్వడం. కాలేజీ రోజుల్లో స్నేహితులతో చూసినదొకటి గుర్తుంది. కథ మర్చిపోయాను. చీర రంగు గుర్తుంది. పసుపు, దాని మీద తప్పు జాకెట్టు. నవ్వించడానికి కావాలనే తప్పు జాకెట్టు వేశారు. అది బాధనిపించింది, నవ్వు కన్నా.

అక్టోబరు 22, ఆదివారం

దుర్గాష్టమి. రాత్రి నిద్ర పట్టలేదు, నాన్న గుర్తొచ్చారు.

పదేళ్లప్పుడనుకుంటా, విజయవాడలో భామాకలాపం. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు. ముందు తెర. తెర మీంచి జడ ఇవతల పడింది. అంతే, ఇంకా మనిషి కనపడలేదు, జడే. జనం ఊపిరి బిగబట్టారు. తర్వాత సత్యభామ. నాన్న నన్ను ఒళ్లో ఎత్తి కూర్చోబెట్టుకుని చెవిలో చెప్పారు, మగవాడేరా, కూచిపూడి ఆయన, అని. ఎంత గర్వమో ఆ గొంతులో. చివర్లో కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

ఆ ఎండాకాలమే అక్క ఓణీ వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. నాన్న గుమ్మంలో. కొడతారనుకున్నాను. కొట్టలేదు. తిట్టలేదు. ఓణీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, బీరువా పైన, నా చెయ్యి అందని చోట పెట్టారు. అక్క ఎంత వెతుక్కుందో. చాలా రోజులు అక్కడే ఉంది. వెళ్తూ వస్తూ తలెత్తి చూసేవాణ్ణి. నాన్న ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, పోయేదాకా.

ఎత్తి ఉంటే ఏమనేవారు?

నవంబరు 12, ఆదివారం

దీపావళి. పట్టు కట్టుకోవాలని ఉంది కానీ నిప్పు దగ్గర పట్టు ఎవరు కడతారు. తెల్ల వెంకటగిరి, సన్న జరీ అంచు. వెనక బాల్కనీలో ప్రమిదలు పెట్టాను. గుమ్మం దాటి బయట చీరతో నిలబడటం... అవతల కొబ్బరిచెట్లు, గోడ, ఆ వెనక కాలవగట్టు. ఎవరూ లేరు. పిల్లలంతా వీధివైపు టపాకాయలు కాలుస్తున్నారు.

తను నూనె గిన్నె అందిస్తూ, "చల్లగా ఉంది, లోపలికి రండి" అంది. చలి లేదు. వెళ్లాను, చివరి ప్రమిద వెలిగించాకే.

డిసెంబరు 5, మంగళవారం

మిల్లుకి సెలవిచ్చారు. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందని రాత్రి నుంచి టీవీలో అదే. పొద్దున్నే కరెంటు పోయింది. వీధిలో పిట్ట లేదు. మంగళవారం చీర కట్టుకోవడం ఎరగను. వాయిల్ కట్టుకున్నాను.

మధ్యాహ్నం కింద మామ్మగారి వాటాలోకి నీళ్లొచ్చాయి. ఆవిడ ఒక్కతే. ఎనభై అయిదేళ్లు. తను తడుస్తూ పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే మా గదిలో కప్పు కారడం మొదలైంది, బీరువా నెత్తి మీదే. జరుపుతుంటే మెట్ల మీద ఆవిడ దగ్గు వినపడింది. బట్టలు మార్చుకునేంత వ్యవధి ఉందనుకుంటా. బీరువా వదిలితే లోపలికి నీళ్లు. వదల్లేదు.

గుమ్మంలో నిలబడి చూసిందావిడ.

తను గబగబా అందుకుంది. "నాటకం రిహార్సలండీ మామ్మగారూ. ఆఫీసు వాళ్లేదో వేస్తున్నారు."

"ఊఁ. లాంతరు ఇటివ్వు, నేను పట్టుకుంటా. నువ్వు ఆ పక్క పట్టమ్మాయ్, అతనొక్కడి వల్ల అవుతుందా."

జరిపాం. ఒక్క చీర తడవలేదు.

డిసెంబరు 6, బుధవారం

రాత్రి ఆవిడ మా ఇంట్లోనే పడుకుంది. నేను చీర మార్చలేదు. ఎందుకు మార్చలేదో రాయడం కష్టం. మార్చితే తను చెప్పిందీ అబద్ధమవుతుంది, నేను కట్టుకున్నదీ అబద్ధమవుతుంది అనిపించింది.

లాంతరు వెలుగులో మామ్మగారు మొదలుపెట్టారు. పన్నెండేళ్లప్పుడు ఇక్కడే, తెనాల్లోనే, స్థానం నరసింహారావు గారి తులాభారం చూశారట. "బాపట్ల ఆయనని తెలుసు. మగాడని తెలుసు. అయినా మా అమ్మా పిన్నీ ఆ కట్టు చూడ్డానికే వెళ్లేవాళ్లు. మర్నాడు నూతి దగ్గర ఇంకో మాట లేదు. కుచ్చెళ్లు ఎంత వెడల్పు తీశాడు, పైట ఎక్కడ నిలిచింది, నడిస్తే అంచు ఎటు తిరిగింది."

తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "పైట మరీ బిగించావు నాయనా. ఊపిరాడదు. కాస్త వదులు" అన్నారు.

వదిలాను. నిజమే. భుజం తేలికైంది. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పేవాళ్లు లేక బిగించి కట్టుకుంటున్నాను.

డిసెంబరు 10, ఆదివారం

వారమంతా మిల్లులో తడిసిన ధాన్యం లెక్కలు. రైతుల మొహాలు చూడలేకపోయాను. మొలకలొచ్చిన వడ్లు దోసిట్లో పట్టుకొచ్చి చూపిస్తున్నారు.

ఇవాళ లైబ్రరీలో నటస్థానం దొరికింది. స్థానం వారు తన గురించి రాసుకున్న పుస్తకం. ఆయనకి 1956లో పద్మశ్రీ. వేదాంతం వారికి 1970లో. సత్యభామగా పేరు పొందినవాళ్లే ఇద్దరూ. అటు మరాఠీలో బాలగంధర్వ కట్టిన చీరకట్టు చూసి ఇళ్లలో ఆడవాళ్లు అలాగే కట్టుకునేవారట. ఇదంతా ఎంత గొప్పగా ఉంటుందో చదువుతుంటే. ఒంటరిగా లేనట్టుంటుంది.

కానీ నాటకం అయ్యాక? రంగు తుడుచుకుని, పంచె కట్టుకుని ఇంటికెళ్లారు. ఇంటికెళ్లే ఆ దారిలోనే నాకు చీర కావాలి. సత్యభామ చీర అక్కర్లేదు. 1962లో ఒక టీచరుగారు బడికి కట్టుకెళ్లే చీర చాలు. కూరగాయలు తెచ్చుకునే చీర.

ఎవరికి చెప్పను ఇది.

డిసెంబరు 17, ఆదివారం

మామ్మగారు కరివేపాకు కోసం పైకొచ్చారు. నేను లుంగీలో ఉన్నాను.

"నాటకం ఎప్పుడు?"

తను నా వైపు చూసింది. నేను పేపరు మడిచాను.

"మీసం ఉంచుకుని ఆడవేషం ఏ నాటకంలో కడతారు నాయనా? స్థానం వారికి మీసం ఎక్కడిది?"

నవ్వలేదు ఆవిడ. నిజంగానే అడిగింది. తను ఏదో చెప్పబోయింది, రిహార్సల్ కదా, అప్పటికి తీసేస్తారు, అని. ఆ మాట పూర్తవకుండానే అన్నాను.

"నాటకం లేదు మామ్మగారూ. ఊరికే కట్టుకున్నా. నాకిష్టం."

తను వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ కరివేపాకు దులుపుతూ నిలబడింది.

"ఎప్పట్నించీ?"

"చిన్నప్పట్నించీ."

"మీ అమ్మాయికి తెలుసా?"

తెలీదన్నాను. ఆవిడ దిగి వెళ్లిపోయింది. మెట్టు మెట్టుకీ ఆగి.

రాత్రి తను, "ఇల్లు ఖాళీ చేయమంటే?" అంది. కాసేపాగి, "ఆవిడ అంతా చెప్పేస్తే?" అంది. ఇంకాసేపాగి, "నేను అబద్ధం చెప్పింది మీ కోసం" అంది. తెలుసన్నాను. అది తెలుసు, నిజంగానే.

డిసెంబరు 24, ఆదివారం

మామ్మగారు ఈ వారం పైకి రాలేదు. పాలవాడితో కూడా గొంతు వినపడలేదు. ఇవాళ చీర కట్టుకోలేదు. తను అడగలేదు. నేనూ చెప్పలేదు.

వంకాయ రంగు చీర చిరుగులు కుట్టుకుంటూ కూర్చున్నాను. చీలిక అంచు దాకా పాకకుండా ఆపగలిగాను. ఒక్కో కుట్టూ ఒక పోగు మందమే ఉండాలి. కళ్లు మండాయి.

డిసెంబరు 31, ఆదివారం

కింద మైకు. పాత పట్టుచీరలు కొంటాం.

మామ్మగారు కింది నుంచే కేకేశారు, అబ్బాయ్, ఒకసారి దిగు, అని. దిగాను. ఆవిడ ఒళ్లో ఒక చీర. గచ్చకాయ రంగు, బెత్తెడు జరీ అంచు, చెంగు మీద మామిడి పిందెలు. అరవై ఒకటిలోదట. కొడుకు పుట్టినప్పుడు పుట్టింటివాళ్లు పెట్టింది. పక్కన ఆ కుర్రాడు తూకం పట్టుకుని.

"వీడు అయిదు వేలంటున్నాడు. ఇవ్వనా?"

వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పబోతే వాడున్నాడు.

"నా కోడలు ముట్టుకోదు. దాచి ఏం చేయను? నువ్వు తీసుకుంటావా?"

వాడి ఎదురుగానే అడిగింది. వాడు నన్ను చూశాడు. తీసుకుంటానన్నాను.

"అయితే అయిదున్నర."

బేరం ఆడలేదు. వాణ్ణి పంపేసి, అద్దెతో కలిపి ఇమ్మని, చీర నా చేతుల్లో పెట్టింది. "దీనికి జాకెట్టు గుడ్డ ఆకుపచ్చ వెయ్యి. ఎరుపు వెయ్యకు, నీ ఒంటి రంగుకి కొట్టినట్టుంటుంది."

పైకొచ్చి తనకి చెప్పాను. తను చీర విప్పి చెంగు చూసింది చాలాసేపు. మడతలో ఎండిన మొగలిరేకు ఒకటుంది. "అయిదున్నర ఎక్కువే" అంది.

2024 జనవరి 14, ఆదివారం

భోగి. పాప నిన్న రాత్రి హైదరాబాద్ నుంచి వచ్చింది. బండి నిండా జనమట, నిలబడే వచ్చింది.

మామ్మగారి చీర మొన్న కుంకుడు రసంలో జాడించి డాబా మీద నీడలో ఆరేశాను. ఇవాళ మళ్లీ గాలికి వేశాను. పాప చదువుకునే పుస్తకంతో డాబా ఎక్కింది. కిందికొచ్చి, "అమ్మా, పైన ఆ చీర ఎవరిది? కొత్తగా ఉంది, పాతగా కూడా ఉంది" అంది.

మామ్మగారిది అనొచ్చు తను. అబద్ధం కూడా కాదు. నాది అనొచ్చు. అది మామూలే.

"మీ నాన్నది" అంది.

పూరీలు వత్తుతూనే అంది. చెయ్యి ఆగలేదు. నేను హాల్లో ఉన్నాను. అంతా వినపడింది. ఆ తర్వాత ఇద్దరూ తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడుకున్నారు. అది వినపడలేదు. వినకూడదని బజారుకి వెళ్లి చెరుకుగడలు తెచ్చాను.

జనవరి 15, సోమవారం

సంక్రాంతి. పాప నిన్నంతా నాతో ముభావంగానే ఉంది. కోపమా, సిగ్గా, ఎన్నేళ్లు దాచారనా? ఫోను చూస్తూ కూర్చుంది. పొద్దున నాకు పొంగలి వడ్డించింది, నెయ్యి రెండుసార్లు వేసింది. అంతవరకే తెలిసింది.

సాయంత్రం నా గదిలోకి వచ్చి బీరువా చూపించమంది. తీశాను. వాయిల్ చీర అతుకు చూసింది. వేలితో కుట్టు తడిమింది. "ఇది నాయనమ్మది కదా?" పై పట్టీ తాతయ్య పంచె అని చెప్పాను. మాట్లాడలేదు. కోర్టు వార్త ముక్క కనపడితే చదివింది. మళ్లీ అక్కడే పెట్టింది.

"నువ్వు కట్టుకున్నప్పుడు నేను ఇంట్లో ఉండాలా, బయటికి వెళ్లాలా?"

"నీ ఇష్టం అమ్మా."

"ఆలోచిస్తా" అంది. నిజంగానే ఆలోచిస్తుంది, దాని సంగతి నాకు తెలుసు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మీసంతోనేనా?" అంది. అవునన్నాను.

రేపు కనుమ. తను గారెలకి మినప్పప్పు నానబోసింది. నాలుగింటికే లేచి రుబ్బాలి, నేను వండుతానని ఒప్పుకున్నాను. వెంకటగిరికి నూనె చిందితే మరక వదలదు. గచ్చకాయ రంగుకి జాకెట్టు ఇంకా కుట్టించలేదు, సాయిబు గారు పండగ పోయాక రమ్మన్నారు. వాయిలే కట్టుకుంటా.